కిటికీ అరుగు

రేపు వస్తానని చెప్పిన వడ్రంగి భద్రాచారి ఆ రేపట్లోంచే నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఇక్కడ ఆ రేపు ఎప్పుడో అయిపోయింది. వానలు వెలిశాయి, చలి వచ్చి పోయింది, బజారులో మామిడికాయలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. ఆయన వెంట మాత్రం శ్రావణమాసపు వాన ఇంకా కురుస్తూనే ఉంది. గొడుగు ముడిచి గోడకి ఆనించి, భుజం మీది తువ్వాలు తీసి పిండుతాడు. కారిన నీళ్ళు గచ్చుని తాకకముందే ఆవిరైపోతాయి.

"ఇదేంటండీ టీచరుగారూ, గచ్చు ఇలా కాలిపోతోంది?" అంటాడు.

"మే నెల కదండీ," అంటుంది ఝాన్సీ.

"ఆయ్. మీకు ముందే వచ్చేసిందన్నమాట," అని సంచీ దింపుకుంటాడు.

ఝాన్సీ మండపేటలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆమెకి ఒక్కతే కూతురు, లహరి. నాలుగో తరగతి చదువుతుండగా ఆ పిల్ల మేడ మీది గదిలో కిటికీకి అరుగు కావాలని అడిగింది. గోడలోకి ఒదిగిపోయే చెక్క అరుగు. కాళ్ళు ముడుచుకుని దాని మీద కూర్చుంటే, అమ్మ బడి నుంచి వస్తూ, సాయంత్రం బస్సు దిగి మిల్లు రోడ్డు మలుపు తిరగగానే కనిపించాలి. భద్రాచారికి కబురు పెట్టారు. రేపు వస్తానన్నాడు. ఆ సాయంత్రమే పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. ఆ జ్వరం మళ్ళీ దిగలేదు. అరుగు మాట ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అక్కర్లేదండీ అని చెప్పడానికి ఝాన్సీ నోరు తెరుస్తుంది.

"పాప దారిలో కనిపించిందండి," అంటాడు భద్రాచారి, సంచీలోంచి చిత్రిక తీస్తూ.

"ఏ పాప?"

"మీ పాపేనండి. గొడుగు మర్చిపోయి బడికెళ్తోంది. పుస్తకాల సంచీ నెత్తి మీద పెట్టుకుంది. నా గొడుగులోకి రావే అంటే రాలేదు సరిగదా, మా అరుగెప్పుడు కడతావ్ అని నడిరోడ్డు మీద నన్నే నిలదీసిందండి. ఎవరి పెంపకమో గానీ!"

ఝాన్సీ తలుపు పట్టుకుంటుంది. ఆలోచించి చూస్తే ఆమెకి ఇందులో తప్పేమీ కనిపించదు. ఆయన ఆ రేపటి మనిషి. ఆ రేపట్లో జ్వరం పిల్లని పట్టుకోలేదు.

"తుమ్ముతోందా?" అని మాత్రం అడుగుతుంది.

"లేదండి. వేయించిన శనగలు నముల్తోంది."

"అయితే కొలతలు తీసుకోండి," అంటుంది ఝాన్సీ.

భద్రాచారి టేపు చాపుతాడు. కిటికీ ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడుతుంది. కొలత అయ్యాక దాని రెక్కలు రెండూ మెల్లగా వదులవుతాయి. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుంటాడు.

"కూర్చునే మనిషిని బట్టి ఎత్తు పెట్టాలండి. పాప మోకాలి ఎత్తు దారిలోనే చూసుకున్నాను. పెరిగే పిల్ల కదా, కాస్త ఎక్కువే ఉంచుతాను. గౌన్లకి కింద మడత ఉంచి కుట్టిస్తారు చూడండి, అలాగ."

ఝాన్సీ వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు తాగి, వస్తుంది. ఈ ఊళ్ళో ఇన్నాళ్ళుగా ఎంతోమంది ఆమెతో లహరి గురించి మాట్లాడారు. మడత ఉంచాలన్న మాట ఎవరూ అనలేదు.

"ఇంకో సంగతండి," అంటాడు భద్రాచారి. "పని అయిపోయిన ఇంటికి మేం మళ్ళీ రాం. గుమ్మం ఎత్తినప్పుడు రాస్తారు చూడండి, అలాగే ఇంటావిడ ఈ చెక్కకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. పెడితే పని అయినట్టు. నా సంచీ నేను సర్దేసుకుంటాను."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే అవనట్టేనండి. వస్తూనే ఉండాలి."

ఈ మాట ఝాన్సీ జాగ్రత్తగా దాచుకుంటుంది.

సాయంత్రం ఆమె భర్త పురుషోత్తం కరెంటాఫీసు నుంచి వస్తాడు. మనిషి నానిన అట్టలా ఉంటాడు. పిల్ల పోయిన దగ్గర్నుంచీ అంతే. ఒక పూట పని చేసి రెండు పూటల అలసటతో వస్తాడు. గదిలో కొత్త టేకు వాసన తగిలి గుమ్మంలోనే ఆగిపోతాడు.

"ఇదెందుకు ఝాన్సీ ఇప్పుడు?"

"చెప్పి ఉంచాం కదండీ. మనిషి వచ్చాడు."

ఆయన చెక్కముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఉన్న చోటే పెట్టేస్తాడు.

భద్రాచారి ఆలస్యం ఊరందరికీ తెలిసిందే. పెళ్ళికి చెప్పిన మంచం పురిటికి అందిస్తాడని ఆయన్ని వెనకాల నవ్వుకుంటారు. అలాంటివాడు ఈ ఇంటికి పాలవాడికంటే ముందు వస్తాడు. చిత్రిక పడుతుంటే పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచి, కాసేపు గాలిలో ఆడి, అలిసిపోయి గచ్చు మీద పడుతుంది. రెక్కలాడినంత సులువుగా పని సాగిపోతుంది. అది ఝాన్సీకి నచ్చదు.

ఎందుకంటే ఆయన రోజూ ఒక కబురు తెస్తాడు. పాపకి పైపన్ను ఊడిందండి. పాప గుమ్మానికి కట్టిన తోరణంలో ఆకులు కోసి మేకకి పెట్టేసిందండి. పాప లెక్కల్లో వెనకబడిందని పంతులుగారు అంటే, మా అమ్మ లెక్కల టీచరు తెలుసా అని కొట్టినట్టు చెప్పిందండి. ఝాన్సీ ఆ మాటలు నిలబడి వింటుంది. ఆయన వెళ్ళాక ఒక్కో మాటా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటుంది.

అరుగు అయిపోతే ఆయన రాడు. ఆయన రాకపోతే ఆ కబుర్లు రావు. అందుకని ఝాన్సీ పనికి అడ్డు పడడం మొదలుపెడుతుంది.

"అడుగున సొరుగులు పెట్టండి ఆచారిగారూ."

పెడతాడు.

"వద్దండీ, తీసేయండి. పిల్ల వేళ్ళు నలుగుతాయి."

తీసేస్తాడు.

"ఈ అంచు గుచ్చుకుంటుందేమో, గుండ్రంగా చెయ్యండి." గుండ్రంగా చేశాక, "మరీ జారుగా అయిపోలేదూ?" చెక్కకీ గోడకీ నడుమ వెంట్రుక పట్టేంత సందు చూపించి, అది పూడ్చమంటుంది. పూడ్చాక ఇంకోవైపు చూపిస్తుంది. లెక్కల పేపర్లు దిద్దిన కళ్ళకి తప్పులు వెతకడం కష్టమేమీ కాదు.

భద్రాచారి ఉలి కింద పెట్టి నడుం పట్టుకుంటాడు. "ఊళ్ళో అందరూ రాలేదని తిడతారు. మీరేమో వస్తే కదలనివ్వడం లేదు. మీ దగ్గర వడ్రంగం చేసే బదులు మీ బళ్ళో చేరిపోవడం నయమండి!"

"చేరండి. ముందు చేతులు కట్టుకుని కూర్చోడం నేర్పుతాను," అంటుంది ఝాన్సీ. చాలా రోజులకి ఆ గదిలో ఒకరు నవ్వుతారు. నవ్వింది కిటికీ రెక్క.

సుత్తి చప్పుళ్ళు విని కింద వాటాలో అద్దెకుండే రత్నం మేడెక్కి వస్తుంది. చేతిలో మామిడికాయ పప్పు గిన్నె.

"చప్పుడు వినపడితే ఏదో శుభమే అనుకున్నాను టీచరుగారూ. ఏంటి, విశేషమేనా?"

"కిటికీకి అరుగు కట్టిస్తున్నామండీ."

"అయ్యో, కూర్చునే పిల్ల లేదు కదమ్మా!" రత్నం గిన్నె కిటికీలో పెట్టి, కూతురు పోయిన మనిషిని చూసినప్పుడు చూడవలసినట్టు చూస్తుంది. "నా మాట విని ఇంకోళ్ళని కనెయ్యండి. మీకేం వయసు మించిపోయిందా? మా ఆడపడుచుకి తల నెరిశాక పుట్టాడు కొడుకు. ఒకళ్ళు పోతే ఒకళ్ళు. ఒళ్ళో పడితే అదే మర్చిపోతారు."

"మీ గిన్నె పొద్దున్న తోమి పంపిస్తానండీ," అంటుంది ఝాన్సీ.

రత్నం వెళ్ళాక ఆమె మాటలు గచ్చు మీద పడి ఉంటాయి. చెక్కపొట్టులో కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా ఉంటాయి. ఝాన్సీ చీపురు తెచ్చి అన్నీ కలిపి చేటలోకి ఎత్తుతుంది. కొన్ని ఇంకా వెచ్చగా ఉన్నాయి. పెరటి వైపు వెళ్ళి గోడ అవతల పారబోసి, చేతులు కడుక్కుంటుంది.

మర్నాడు భద్రాచారి తుమ్ముతూ వస్తాడు. వాన ఎక్కువైందట. ఝాన్సీ ఇంక ఉండబట్టలేక అడుగుతుంది.

"పాపతో ఒక మాట చెప్పగలరా? బడి నుంచి రాగానే తల తుడుచుకోమని. అమ్మ చెప్పిందని చెప్పండి."

"నిన్ననే చెప్పానండి, మీ పేరు పెట్టి. నమ్మలేదు."

"ఎందుకు నమ్మదు?"

భద్రాచారి మేకు ఒకటి పెదాల మధ్య పెట్టుకున్నవాడల్లా తీసి అరచేతిలో పెట్టుకుంటాడు.

"అక్కడ మీరు పోయారు కదండి."

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. పొట్టు ఒక మూల నుంచి ఇంకో మూలకి దొర్లుతుంది.

"ఎప్పుడు?"

"నేను రేపొస్తానన్న సాయంత్రమేనండి, ఒళ్ళు వెచ్చబడింది. ఇద్దరిలో ఒకరికి రావలసిన జ్వరం. అక్కడ మీకొచ్చింది. మీకు తెలుసనుకున్నానండి."

ఝాన్సీ కొంచెంసేపు లెక్క చూసుకుంటుంది. అటూ ఇటూ సరిపోయింది. మిగులు లేదు.

"నేను మీ వెంట రావచ్చా?"

"రావచ్చండి, ఎవరొద్దన్నారు? కాకపోతే నా గొడుగు కింద నుంచి అడుగు బయట పెట్టగానే మీరు పోయిన మనిషైపోతారు. పాపని ఇటు తెచ్చినా అంతే. నాకు ఆ పాపం వద్దండి."

"సరే," అంటుంది ఝాన్సీ. తర్వాత అడుగుతుంది, "పిల్లకి జడ ఎవరు వేస్తున్నారు?"

"సారు వేస్తున్నారండి. సారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. పాపం, ఎక్కడా కుదురుగా లేరు. పాపిడి మాత్రం కాలువ గట్టులా వంకర్లు పోతోంది. బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారట."

ఆ సాయంత్రం పురుషోత్తం రాగానే ఝాన్సీ దువ్వెన, కొబ్బరినూనె సీసా తీసుకుని ఆయన ముందు కింద కూర్చుంటుంది. "నాకు రెండు జడలు వెయ్యండి," అంటుంది.

ఆయన వద్దనడు. పాపిడి తీస్తాడు, చెరుపుతాడు, మళ్ళీ తీస్తాడు. "ముక్కుకి తిన్నగా పెట్టుకోండి దువ్వెన్ని," అంటుంది ఝాన్సీ, బళ్ళో చెప్పినట్టు. "పాయలు మూడూ సమానంగా తీసుకోండి. గట్టిగా లాగకండి, ఏడుస్తుంది."

"ఎవరు?" అంటాడు పురుషోత్తం. అనేసి, జడ అల్లుతాడు. ఆయన కళ్ళ నీళ్ళు ఆమె మాడు మీద పడితే ఝాన్సీ తల వంచుకునే ఉంటుంది. రెండు జడలూ వేసుకుని రాత్రి వంట చేస్తుంది.

"పాపిడి తిన్నగా ఉందండి ఇవాళ," అంటాడు భద్రాచారి వస్తూనే. ఆ రోజంతా ఝాన్సీ మెడ నిటారుగా పెట్టుకుని తిరుగుతుంది.

ఇలాగే బతికేయవచ్చు అనిపిస్తుంది ఆమెకి. అరుగు ఎప్పటికీ కాకుండా చూసుకుంటే చాలు. కొత్త సందులు వెతుకుతుంది. టేకు మీది గీతలు ఒకవైపుకే పోతున్నాయని పలక తిప్పి కొట్టిస్తుంది. పలక తిప్పినప్పుడల్లా కింద ఎక్కడో సన్నగా నిట్టూర్పు వినిపిస్తుంది. చెక్క చప్పుడే అనుకుంటుంది.

"అమ్మా," అంటాడు భద్రాచారి ఒకనాడు. ఎప్పుడూ టీచరుగారనే మనిషి. "ఇంక ఆలస్యం చెయ్యకండి. ఇక్కడి చెక్కే అక్కడిది. ఇక్కడ మేకు పీకితే అక్కడా ఊడుతోంది. పాపకి కూర్చునే వీలు లేదు. నిలబడే చూస్తోంది."

"ఏం చూస్తోంది?"

"రోడ్డండి. అమ్మ మలుపు తిరిగి వస్తుందని. అమ్మ ఇంక రాదే అంటే వినదు, మొండిఘటం. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ కిటికీ దగ్గరే. గోడ మందం కదా, మలుపు కనపడాలంటే వంగి మునివేళ్ళ మీద నిలబడాలి."

ఝాన్సీకి బళ్ళో నిలబెట్టిన పిల్లలు తెలుసు. మొదట బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. తర్వాత పిక్కలు బిగుస్తాయి. తర్వాత పిల్ల ఏడవదు, అడగదు. ముఖం మాత్రం చిన్నదైపోతుంది. ఆ ముఖం ఇప్పుడు లహరిది. నిలబెట్టింది తను.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్తుంది. పిల్ల పోయిన ఇంట్లో పసుపు డబ్బా అడుక్కి పోయి, గట్టిపడి ఉంది. చెంచాతో గీకి, నీళ్ళు కలుపుతుంది. తిరిగి వచ్చేటప్పుడు గది పొడవైపోయి ఉంది. కిటికీ దగ్గరికి చేరేసరికి గిన్నెలో పసుపు ఆరిపోతే, దారిలో ఆగి మళ్ళీ తడుపుకుంటుంది.

పలక మీద పసుపు రాస్తుంది. మూల మూలకీ రాస్తుంది, సందు వదలకుండా. కుంకుమ బొట్లు పెడుతుంది. బొట్టు పెట్టిన ప్రతి చోటా చెక్క ఒక్కసారి మింగినట్టు కదులుతుంది.

అరుగు మీద ఏదో చిన్న చప్పుడవుతుంది. కూర్చున్న చప్పుడు.

"కూర్చుంది," అంటాడు భద్రాచారి. ఆయన సంచీ సర్దుకుంటున్నాడు.

"ఇంట్లో ఇంకా చాలా పనులున్నాయండీ. పెరటి తలుపు ఈడ్చుకుంటోంది. మంచం కోడు ఊగుతోంది."

"అవి ఇక్కడి పనులండి. నాకు ఇక్కడ పని లేదు. వేరే ఎవరినైనా పిలుచుకోండి." గొడుగు అందుకుంటాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగుతాడు. "దిండు ఒకటి కుట్టించండి. చెక్క ఒత్తుకుంటుంది."

మెట్ల మీద ఆయన వాన కాసేపు వినిపించి, ఆగిపోతుంది.

పురుషోత్తం వచ్చే వేళకి ఝాన్సీ వెళ్ళి అరుగు మీద కూర్చుంటుంది. పిల్ల మోకాలి ఎత్తుకి కట్టింది కాబట్టి ఆమె మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి. సర్దుకుని కూర్చోగానే ఒళ్ళో బరువు ఆనుతుంది. వెచ్చని బరువు, నాలుగో తరగతి పిల్లంత. కొబ్బరినూనె వాసన. ఆ బరువు ముందుకి వంగి, కిటికీ ఊచలకి నుదురు ఆనించి, మిల్లు రోడ్డు మలుపు వైపు చూస్తోంది.

"ఇక్కడున్నానే," అంటుంది ఝాన్సీ.

బరువు కదలదు. ఒకే అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారని ఆ పిల్లకి చెప్పగల మనిషి పని ముగించుకుని వెళ్ళిపోయాడు.

పురుషోత్తం టీ తెచ్చి పక్కన పెడతాడు. అప్పటికే ఒళ్ళో బరువు కొంచెం పెరిగింది. పిల్ల ఐదో తరగతికి వచ్చినట్టుంది. గచ్చు కిర్రుమంటుంది. చేయి వెయ్యబోతే దొరకదు. ఏడో తరగతి వచ్చేసరికి అరుగు, కిటికీ, ఝాన్సీ అన్నీ కలిసి గచ్చులోంచి మెల్లగా కిందికి దిగడం మొదలుపెడతాయి.

కింద వాటాలో రత్నం వాళ్ళు అన్నాలు తింటున్నారు. పైకప్పులోంచి ఝాన్సీ పాదాలు, తర్వాత మోకాళ్ళు దిగడం చూసి కంచాలు పక్కకి జరుపుకుంటారు.

"ఏంటి టీచరుగారూ, ఇలా వచ్చారు?"

"కొంచెం జరగండి. పిల్ల ఎదుగుతోంది," అంటుంది ఝాన్సీ.

రత్నం ఇంకాస్త పక్కకి జరుగుతుంది. నోట్లోని ముద్ద నోట్లోనే ఉంటుంది. అరుగు ఆమె కంచం పక్కనుంచి దిగి, గచ్చు దాటి, నల్లరేగడి మట్టిలోకి పోతుంది. ఇప్పుడు ఒళ్ళో ఉన్నది పిల్ల కాదు; నిండైన ఆడమనిషి బరువు. తొడలు తిమ్మిరెక్కుతాయి. కిటికీలోంచి రోడ్డు అడుగు కనిపిస్తుంది, దాని మీద నడిచేవాళ్ళ అరికాళ్ళు కనిపిస్తాయి. ఒళ్ళోని మనిషి ఆ అరికాళ్ళని ఒక్కొక్కటిగా చూస్తోంది. ఏవీ అమ్మవి కావు.

లోపలికి, ఇంకా లోపలికి. చెరువులన్నీ తాగి వదిలిన నీటి చెమ్మ దాకా. అక్కడ ఒకచోట అరుగు ఆగుతుంది. ఝాన్సీ చాలాసేపు ఆ బరువుని మొయ్యడం తప్ప ఏమీ చెయ్యదు.

తర్వాత బరువు తగ్గడం మొదలవుతుంది. ముందు నమ్మదు. భుజాలు ఎముకలవుతాయి. నడుం ఎండుతుంది. తెల్లవెంట్రుక ఒకటి ఝాన్సీ పెదవికి తగులుతుంది. అరుగు పైకి లేస్తుంది. మట్టి దాటుతుంది, రత్నం వాళ్ళ ఎంగిలి కంచాలు దాటుతుంది, మేడ గది దాటుతుంది. పురుషోత్తం టీ గ్లాసు పట్టుకుని తల పైకెత్తి చూస్తూ ఉండగా పైకప్పు కూడా దాటుతుంది.

ఇప్పుడు ఝాన్సీ ఒళ్ళో తనకంటే ముసలిదైన కూతురు ఉంది. బరువు పిచ్చుకంత. ఊచలు పట్టుకుని మలుపు వైపే చూస్తోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మిల్లు పొగగొట్టం కిందైపోతుంది. ఆ ముసలి చూపు తెగదు. దానికి ముడిపడిన రోడ్డు మలుపు దగ్గర నేలనుంచి ఊడి, బురద రాలుస్తూ, వాళ్ళ వెంట నిలువునా ఆకాశంలోకి లేస్తుంది. దాని మీద సాయంత్రం బస్సు లైట్లు వేసుకుని, గేరు మార్చి, మూలుగుతూ పైకి ఎక్కుతోంది.